చాటున మింగే మాత్ర

గత సంవత్సరం చలికాలంలో ఒకనాడు మగ్రిబ్ నమాజు ముగించుకుని ఇంటికి చేరేసరికి, మా వీధి చివర బట్టలు కుట్టి బ్రతికే ఒక తల్లి మా అరుగు మీద కూర్చుని ఉన్నది. ఆమె చేతిలోని ప్లాస్టిక్ సంచిలో ఏడెనిమిది ఖాళీ మాత్రల అట్టలున్నాయి. "భాయీసాబ్, మీరు ఇంగ్లీషు చదువుతారు. ఇవేం మందులో కాస్త చూసి చెప్పండి. మా వాడి దిండు కింద దొరికాయి" అన్నది. అవి మత్తు మాత్రలేమోనని ఆమె భయం. మేము కళ్ళద్దాలు పెట్టుకుని చదివాము. అవి పెళ్ళయిన స్త్రీలు వాడే గర్భనిరోధక మాత్రలు. ఇరవై ఏళ్ళ కొడుకు వాటిని ఎందుకు మింగుతున్నాడో ఆ తల్లికి తోచలేదు. మాకు లీలగా తోచింది. అయినా నోరు విప్పలేదు. "పిల్లవాడిని మందలించమ్మా, ఇక కొనకుండా చూడు" అని చెప్పి పంపించాము.

రెండు నెలల తరువాత ఆ బిడ్డ ఎడమ కాలు తొడ దాకా వాచిపోయింది. నడవలేని స్థితిలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయారు. కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టినదని, ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ఉంటే ప్రాణం పోయేదని వైద్యులు చెప్పారు. ఏమి మందులు వాడుతున్నావని అడిగితే ఆ బిడ్డ బదులు చెప్పలేదు. పక్కనే తండ్రి నిలుచుని ఉన్నాడు. పురుషుల వార్డులో చేర్చాలా, స్త్రీల వార్డులో చేర్చాలా అన్న వాదన తెగక ఒక రాత్రంతా వరండాలో స్ట్రెచర్ మీదనే ఉంచారు. మూడవ నాడు మేము వెళ్ళి పక్కన కూర్చున్నప్పుడు ఆ బిడ్డ మెల్లగా అన్న మాట ఇది: "చాచా, నేను చచ్చిపోవాలని మింగలేదు. బ్రతకాలని మింగాను."

ఆ బిడ్డ పుట్టినప్పుడు మగపిల్లవాడని రాశారు. ఊహ తెలిసినప్పటి నుండి తాను ఆడపిల్లనని ఆమె మనస్సు చెబుతున్నది. శరీరాన్ని మనస్సుకు దగ్గర చేసే మందులు ఉన్నాయని స్నేహితుల ద్వారా తెలిసింది. వాటిని ఏ వైద్యుడు ఇస్తాడో, ఎక్కడ ఇస్తారో చెప్పేవారు లేరు. రోజుకు ఒకటి కాదు, నాలుగు మింగితే త్వరగా మార్పు వస్తుందని ఎవరో చెప్పారు. మందుల దుకాణంలో చీటీ అడగలేదు. కథ అంతే. ఇది ఆ ఒక్క ఇంటి కథ మాత్రం కాదని, గత సంవత్సర కాలంలో ఈ పని మీద తిరిగిన మాకు తెలిసివచ్చింది. అందుకే ఈ వ్యాసం.

ఆ మాత్రలో ఏమున్నది?

ముందుగా విషయాన్ని విషయంగా తెలుసుకోవాలి. తెలియనితనమే ఇక్కడ సగం అపాయం. పుట్టుకతో మగవారిగా నమోదై స్త్రీలుగా జీవించదలచిన వారికి వైద్యులు రెండు రకాల మందులు ఇస్తారు. ఒకటి ఎస్ట్రాడయోల్ అనే స్త్రీ హార్మోన్. రెండవది పురుష హార్మోన్ పనిని అణచే మందు; మన దేశంలో స్పైరనోలాక్టోన్, సైప్రొటెరోన్ అనేవి ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. పుట్టుకతో ఆడవారిగా నమోదై పురుషులుగా జీవించదలచిన వారికి టెస్టోస్టెరాన్ ఇస్తారు, సాధారణంగా ఇంజెక్షన్ రూపంలో. ఇవి కొత్తగా కనిపెట్టిన వింత మందులు కావు. ముట్లుడిగిన స్త్రీలకు, హార్మోన్ లోపం ఉన్న పురుషులకు, రక్తపోటు రోగులకు వైద్యులు దశాబ్దాలుగా రాస్తున్నవే.

గర్భనిరోధక మాత్రలలో ఉండేది ఎక్కువగా ఇథినైల్ ఎస్ట్రాడయోల్. పేరులో పోలిక ఉన్నా దాని స్వభావం వేరు. రక్తం గడ్డకట్టించే ప్రమాదం దానితో హెచ్చు. అందుకే లింగ పరివర్తన చికిత్సలో వైద్యులు దానిని వాడరు. నాలుగింతలు మింగితే మార్పు నాలుగింతల వేగంతో రాదు, అపాయం మాత్రం పెరుగుతుంది. పొగ తాగే అలవాటు ఉంటే మరింత పెరుగుతుంది. శరీరంలో మార్పు రావడానికి నెలలు పడుతుంది. పూర్తిగా రావడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. ఈ ఒక్క మాట ముందుగా ఎవరైనా చెప్పి ఉంటే మా వీధి బిడ్డ ఆసుపత్రి పాలయ్యేది కాదు.

సరైన మందుకు కూడా కాపలా అవసరం. స్పైరనోలాక్టోన్ వాడేవారిలో పొటాషియం పెరగవచ్చు, కనుక మూత్రపిండాల పరీక్ష చేయించాలి. సైప్రొటెరోన్ కాలేయానికి హాని చేయవచ్చు. టెస్టోస్టెరాన్ రక్తంలో ఎర్రకణాలను పెంచుతుంది; మితి మీరితే రక్తం చిక్కబడుతుంది. అందుకే మొదటి సంవత్సరం సుమారు మూడు నెలలకొకసారి, ఆపైన సంవత్సరానికి ఒకటి రెండుసార్లు రక్తపరీక్షలు చేయించమంటారు. కొన్ని మార్పులు మందు మానితే తిరిగిపోతాయి, కొన్ని పోవు. టెస్టోస్టెరాన్‌తో బొంగురుపోయిన గొంతు మళ్ళీ పూర్వంలా కాదు. సంతానశక్తి తగ్గవచ్చు. ఇవన్నీ మొదలుపెట్టక ముందే ఎదుట కూర్చోబెట్టుకుని చెప్పవలసిన సంగతులు. దుకాణం గల్లాపెట్టె దగ్గర ఎవరు చెబుతారు?

మరొక సంగతి మన హిజ్రా పెద్దల గురించి. వారిలో చాలామంది యౌవనంలోనే 'నిర్వాణం' పేరిట వృషణాలను తొలగింపజేసుకున్నవారు. ఆ తరువాత శరీరంలో పురుష హార్మోన్ ఉండదు, స్త్రీ హార్మోన్ ఎవరూ ఇవ్వలేదు. ఏ హార్మోనూ లేని శరీరంలో ఎముకలు గుల్లబారుతాయి. వీధిలో జారిపడి తుంటి ఎముక విరిగి మంచాన పడిన ఒక వృద్ధ హిజ్రాను మేము ఎరుగుదుము. వయస్సు వల్ల అనుకున్నాము. నలభై ఏళ్ళ హార్మోన్ లేమి దానికి ఒక కారణం కావచ్చునని ఒక యువ వైద్యుడు చెప్పేవరకు మాకు తెలియదు. హార్మోన్ చికిత్స అంటే అందం కోసం పడే ఆరాటమని ఎగతాళి చేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

చట్టంలో ఉన్నది, జిల్లాలో లేదు

మేము ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశాము. కనుక కాగితం మీద ఏమున్నదో చెప్పడం మాకు తెలిసిన పని. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా కేసులో ఇచ్చిన తీర్పు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గుర్తింపును అంగీకరించి, ఆసుపత్రులలో వారికి తగిన వైద్యం కల్పించమని ప్రభుత్వాలను ఆదేశించింది. పార్లమెంటు చేసిన 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 2020 జనవరి 10 నుండి అమలులోకి వచ్చింది. దాని 15వ సెక్షన్ చూడండి. శస్త్రచికిత్సతో పాటు హార్మోన్ చికిత్సను, దానికి ముందు తరువాత సలహా సంప్రదింపులను, బీమా రక్షణను ప్రభుత్వం సమకూర్చాలని అందులో స్పష్టంగా ఉన్నది. హార్మోన్ చికిత్స అన్న మాట చట్టంలోనే ఉన్నది. ఇది ఎవరి దయాధర్మమూ కాదు.

ధ్రువీకరణ పత్రానికి జిల్లా కలెక్టరుకు దరఖాస్తు చేసుకోవాలి. 2020లో చేసిన నియమాలు అప్పట్లో అందుకు వైద్య పరీక్ష అక్కరలేదని, 30 రోజులలో పత్రం ఇవ్వాలని చెప్పాయి. కార్యాలయం చుట్టూ తిరిగే పని లేకుండా 2020 నవంబరులో జాతీయ పోర్టల్ కూడా తెరిచారు. ఆ పత్రం ఉన్నవారికి సంవత్సరానికి 5 లక్షల రూపాయల వరకు వైద్య ఖర్చు భరించే ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ పథకానికి 2022 ఆగస్టు 24న ఒప్పందం జరిగింది.

ఇంత ఉండి మా వీధి బిడ్డకు పత్రం చేతికి రావడానికి పట్టిన కాలం ఏడు నెలలు. దరఖాస్తు పెట్టించినది మేమే. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ పోర్టల్ సంగతి తమకు తెలియదన్నారు. రెండవసారి వైద్యుని సర్టిఫికెట్ తెమ్మన్నారు. అది అక్కరలేదని నియమం ప్రతి తీసి చూపించాము. మూడవసారి ఆధార్‌లో ఇంటిపేరు ఒక రకంగా, పదవ తరగతి మెమోలో మరొక రకంగా ఉన్నదని వెనక్కి పంపారు. షేక్, షైక్, ఎస్‌కె అని ఒక్కొక్క చోట ఒక్కొక్క విధంగా రాసిన పేర్లతో మన కుటుంబాలు ఎన్ని కాగితాల వద్ద ఎంత యాతన పడుతున్నాయో ఈ పత్రిక పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. ఆ యాతన మీద ఇది రెండవ యాతన.

మా తప్పు కూడా ఒకటి ఇక్కడ ఒప్పుకోవాలి. ఉద్యోగంలో ఉండగా, ఇరవై ఏళ్ళ క్రిందట, ఒక హిజ్రా రేషన్ కార్డు కోసం మా బల్ల ముందు నిలుచున్నది. దరఖాస్తులో మగ, ఆడ అని రెండు గడులే ఉన్నాయి. ఏ గడిలో గుర్తు పెట్టాలో పై అధికారిని అడిగి ఉండవచ్చు. అడగలేదు. 'అసంపూర్తి' అని రాసి తిప్పి పంపాము. ఆమె వాదించలేదు, కాగితం మడిచి రవికలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఇప్పుడు దరఖాస్తు పట్టుకుని బల్లకు అవతలివైపు నిలుచున్నప్పుడల్లా ఆమె జ్ఞాపకం వస్తున్నది.

పత్రం వచ్చిన తరువాత ఇంకొక చిక్కు ఎదురైంది. ఆయుష్మాన్ భారత్ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సల కోసం ఏర్పడిన పథకం. హార్మోన్ చికిత్సలో మంచం మీద పడుకునేది ఏమీ లేదు. నెలనెలా మాత్రలు కొనాలి, మూడు నెలలకొకసారి రక్తపరీక్ష చేయించాలి, వైద్యుని చూసి రావాలి. జీవితాంతం సాగే ఈ చిన్న ఖర్చు ఆ పెద్ద పథకంలో ఒదగడం కష్టం. మా అనుభవంలో మాత్రల ధర కంటే పరీక్షల ఖర్చు, నగరానికి పోయి రావడానికి అయ్యే ఖర్చు, ఆ రోజు పోయే కూలి ఎక్కువ. బట్టలు కుట్టే తల్లికి 5 లక్షల రక్షణ కాగితం మీద ఉన్నది, బస్సు చార్జీ మాత్రం చేతిలో లేదు.

అరువు దీపం

2021 జనవరిలో హైదరాబాద్‌లో 'మిత్ర్' అనే వైద్యశాల తెరిచారు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసమే ఏర్పడిన ఈ తరహా సమగ్ర వైద్య కేంద్రాలలో దేశంలో ఇదే మొదటిది. హార్మోన్ చికిత్స, సలహాలు, హెచ్‌ఐవి పరీక్షలు, న్యాయ సహాయం ఒకే కప్పు కింద దొరికేవి. పనిచేసేవారిలోనూ ఆ సమాజానికి చెందినవారు ఉండేవారు. తరువాత కళ్యాణ్, పూణేలలోనూ ఇటువంటివి వచ్చాయి. వాటికి డబ్బు అమెరికా ప్రభుత్వ సహాయం నుండి వచ్చేది. 2025 జనవరి 20న అక్కడి కొత్త అధ్యక్షుడు విదేశీ సహాయాన్ని నిలిపివేస్తూ సంతకం చేశారు. వాషింగ్టన్‌లో పడిన సంతకంతో హైదరాబాద్‌లో వైద్యశాల మూతపడింది. కొన్ని నెలల తరువాత టాటా ట్రస్ట్స్ చేయూతతో 'సబ్‌రంగ్' అన్న కొత్త పేరుతో అది తిరిగి తెరుచుకున్నందుకు సంతోషించాము. నడిపినవారి పట్టుదలకు సలాం చెబుతున్నాము.

అయినా ఆ నడుమ గడచిన నెలల సంగతి ఆలోచించండి. ఇంజెక్షన్ గడువు వైద్యశాల మళ్ళీ తెరిచేవరకు ఆగదు. మందు హఠాత్తుగా ఆగితే శరీరం, మనస్సు రెండూ కుంగుతాయి. అంతకాలం కుదురుకున్న బిడ్డలు మళ్ళీ దుకాణాల చుట్టూ తిరగవలసి వస్తుంది. దాత మారితే ఆగిపోయేది హక్కు ఎట్లా అవుతుంది? మన మైనారిటీ విద్యాసంస్థలకు రావలసిన స్కాలర్‌షిప్పుల గురించి మనము ఏ మాట అడుగుతున్నామో అదే మాట ఇక్కడా వర్తిస్తుంది: బడ్జెట్‌లో పద్దు ఉండాలి, ప్రభుత్వాసుపత్రిలో గది ఉండాలి, ఆ గదిలో మందు ఉండాలి. ఉస్మానియా ఆసుపత్రిలో 2022లో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ వైద్యులు ప్రభుత్వ నియామకం పొందారు. జిల్లాలలో 'మైత్రి' పేరుతో ప్రత్యేక క్లినిక్‌లు ఏర్పాటు చేస్తున్నట్లు తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. ఇవి మంచి అడుగులు. బోర్డు వేలాడదీయడంతో ఆగక అక్కడ ఎస్ట్రాడయోల్ మాత్ర నెలనెలా దొరుకుతున్నదా, రక్తపరీక్ష చేస్తున్నారా అని వెళ్ళి చూసే బాధ్యత హక్కుల కార్యకర్తలది.

షరీయత్ ఏమంటుంది అనే ప్రశ్న

ఈ విషయం మీద మసీదు బయట మాట్లాడిన ప్రతిసారీ మొదట ఎదురైన ప్రశ్న ఇదే. దాటవేయడం తగదు. మేము ముఫ్తీలము కాము, ఫత్వా ఇచ్చే అర్హత మాకు లేదు. ఉలమాలలో ఏకాభిప్రాయం లేదన్నది మాత్రం అందరికీ తెలియాలి. పుట్టుకతోనే శరీరంలో స్త్రీ పురుష లక్షణాలు కలిసి ఉన్న 'ఖున్సా' గురించి ప్రాచీన ఫిఖ్ గ్రంథాలు వారసత్వం దాకా చర్చించాయి. వారికి చికిత్స తగునని అంగీకారం ఉన్నది. శరీరంలో అటువంటి అస్పష్టత లేని వారి విషయంలో లింగమార్పిడి తగదని మక్కాలోని ఫిఖ్ మండలి 1989లో నిర్ణయించింది. ఇరాన్‌లో ఆయతుల్లా ఖొమైనీ 1980లలోనే అనుమతించారు; అక్కడ అది చట్టబద్ధం. ఈజిప్టులో అప్పటి ముఫ్తీ సయ్యిద్ తంతావీ 1988లో, ఒక వైద్య విద్యార్థిని ఉదంతం నడుస్తుండగా, విశ్వసనీయ వైద్యుడు అవసరమని తేల్చిన చికిత్సకు కొంత వెసులుబాటు ఇచ్చారు. అదెంత దాకా వర్తిస్తుందన్న దానిపై నేటికీ వాదన ఉన్నది. ఇమామ్ నవవీ వంటి పూర్వ పండితులు 'ముఖన్నస్' గురించి చెబుతూ, సహజంగానే ఆ స్వభావంతో పుట్టినవారిపై నింద లేదని, బుద్ధిపూర్వకంగా నటించేవారిని వేరుగా చూడాలని విడదీసి చెప్పారు.

ఈ చర్చ పండితుల నడుమ సాగవలసినదే. దాని తీర్పు వచ్చేవరకు మందుల దుకాణం ఆగదు. మన ఎదుట ఉన్న ప్రశ్న వేరు. ఒక బిడ్డ ఇప్పటికే చాటున మాత్ర మింగుతున్నది. ఆమెను వైద్యుని వద్దకు తీసుకుపోవాలా, అదే చీకటిలో వదిలేయాలా? షరీయత్ కాపాడదలచిన అయిదు మూలవిషయాలలో ప్రాణరక్షణ ఒకటని మదరసాలో చదువుకున్న ప్రతివారికీ తెలుసు. హార్మోన్ చికిత్స తగదని నమ్మే ఆలిం సాహెబ్ కూడా రక్తం గడ్డకట్టి చనిపొమ్మని ఏ బిడ్డనూ అనరు. మేము ఒక ఇమామ్ సాహెబ్‌ను ఇదే అడిగాము. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, "మసలా సంగతి తరువాత మాట్లాడుదాము, ముందు డాక్టరుకు చూపించండి" అన్నారు. మాకు ఆ జవాబు చాలు.

'రేపు పశ్చాత్తాపపడితే?' అని అడిగే తల్లిదండ్రులు ఉన్నారు. న్యాయమైన భయమే. సలహా సంప్రదింపులు, పరీక్షలు, సమ్మతి పత్రం, తక్కువ మోతాదుతో మొదలుపెట్టడం, ఇవన్నీ ఆ భయానికి వైద్యశాస్త్రం చెప్పిన సమాధానాలు. ఆగి ఆలోచించే అవకాశం వైద్యుని గదిలో ఉన్నది. చాటున మింగే మాత్రలో లేదు. మేము మాట్లాడుతున్నది 18 ఏళ్ళు నిండినవారి గురించి. అంతకు చిన్నవారి విషయంలో తొందరపాటు వద్దు, తరిమివేయడమూ వద్దు; నిపుణుని సలహాతో ఓపికగా తోడుండడమే తల్లిదండ్రుల పని.

తావీజులు కట్టించడం, ఆమిల్‌ల వద్దకు తీసుకుపోయి జిన్ను వదిలిస్తామని కొట్టించడం, పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుందని బలవంతంగా నికాహ్ జరిపించడం మన ఇళ్ళలో జరుగుతున్నవే. ఆ నికాహ్‌లో అవతల ఒక పేదింటి ఆడపిల్ల జీవితం కూడా ఉన్నదని మరచిపోతున్నాము. మానసిక వైద్యం పేరుతో 'మార్పిస్తామని' చెప్పేవారూ ఉన్నారు. అటువంటి చికిత్స వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే ప్రకటించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన కొత్త రోగ వర్గీకరణలో దీనిని మానసిక రుగ్మతల జాబితా నుండి తొలగించింది; ఆ వర్గీకరణ 2022 జనవరి 1 నుండి అమలులో ఉన్నది.

మైనారిటీలోని మైనారిటీ

నిజాం కాలంలో, 1329 ఫస్లీ నాడు, హైదరాబాద్ రాజ్యంలో హిజ్రాల మీద ఒక చట్టం చేశారు. వారి పేర్లు రిజిస్టరులో నమోదు చేయాలి; వీధిలో స్త్రీ వేషంలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. బ్రిటిష్ వారి 1871 నాటి నేరస్థ తెగల చట్టం వంటిదే ఇదీ. ఈ చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని తెలంగాణ హైకోర్టు 2023 జూలై 6న కొట్టివేసింది. అంటే నూరేళ్ళకు పైగా, స్వాతంత్ర్యం వచ్చాక కూడా, పుట్టుకనే నేరంగా చూసే కాగితం ఒకటి మన మధ్య బ్రతికే ఉన్నది. పేరు చూసి, వేషం చూసి అనుమానించడం ఎట్లా ఉంటుందో ముస్లింలకు వేరొకరు చెప్పాలా? అద్దెకు ఇల్లు అడిగితే పేరు విని తలుపు వేసే వారి మీద మనము వ్యాసాలు రాస్తాము. మన ఇంటి బిడ్డకు మనమే తలుపు వేసినప్పుడు ఆ వ్యాసాలకు ఎంత విలువ ఉంటుంది? పాతబస్తీలో గాని, మన జిల్లా పట్టణాలలో గాని హిజ్రాల గుంపులో ముస్లిం పేర్లు తక్కువ కాదు. రంజాన్‌లో ఉపవాసాలుండేవారు, జకాత్ ఇచ్చేవారు, హజ్‌కు వెళ్ళి వచ్చినవారు వారిలో ఉన్నారు. ఒకప్పుడు వారందరూ ఎవరో ఒక అమ్మీ పక్కన పడుకున్న పిల్లలే.

చేయవలసినవి

ప్రభుత్వాన్ని అడగవలసినవి మూడు. జిల్లా ఆసుపత్రికి సరఫరా అయ్యే మందుల జాబితాలో ఈ నాలుగైదు హార్మోన్ మందులను చేర్చాలి. వారంలో ఒక రోజు, ఒక గది కేటాయించాలి. ప్రతి జిల్లాలో హార్మోన్ నిపుణుడు దొరకడు, నిజమే. అక్కడి సాధారణ వైద్యునికి శిక్షణ ఇచ్చి, ఈ-సంజీవని ద్వారా నగరంలోని నిపుణునితో మాట్లాడే ఏర్పాటు చేస్తే చాలు. ధ్రువీకరణ పత్రం 30 రోజులలో ఇవ్వని కార్యాలయం నుండి సంజాయిషీ కోరాలి.

మన సమాజంలోని వైద్యులను, మందుల దుకాణదారులను ఒకటి కోరుతున్నాము. మగపిల్లవాడు గర్భనిరోధక మాత్రలు పదేపదే కొంటుంటే నవ్వి ఊరుకోకండి, కసిరి పంపకండి. పక్కకు పిలిచి, అపాయం చెప్పి, ఏ వైద్యుని వద్దకు పోవాలో ఒక చీటీ రాసి ఇవ్వండి. ఇంజెక్షన్లు వాడేవారికి సూది పంచుకోవద్దని చెప్పండి. హెచ్‌ఐవి, హెపటైటిస్ బి, సి ఆ దారినే వస్తాయి.

తల్లిదండ్రులకు చివరి మాట. మాత్రలు దొరికితే లాక్కుని పారవేయకండి, హఠాత్తుగా మాన్పించకండి. అట్టలు సంచిలో వేసుకుని, బిడ్డను వెంటబెట్టుకుని వైద్యుని వద్దకు పొండి. ఒక కాలు వాచి నొప్పి పెట్టినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి అన్నా తెల్లవారేదాకా ఆగకండి. వాడుతున్న మందు పేరు వైద్యునికి దాచకండి. రంజాన్ వస్తే మందు మానవలసిన పని లేదు, మాత్రల వేళను సహ్రీకి, ఇఫ్తార్‌కు మార్చవచ్చునా అని అడగండి. స్పైరనోలాక్టోన్ మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు గనుక, ఉపవాసంలో ఒంట్లో నీరు తగ్గకుండా ఏమి చేయాలో ముందే కనుక్కోండి.

మా వీధి బిడ్డ ఇప్పుడు నెలకొకసారి నగరానికి పోయి వస్తున్నది. గర్భనిరోధక మాత్రలు మానిపించి, కాలు కుదుటపడిన తరువాత, రక్తం గడ్డకట్టే అపాయం తక్కువగా ఉండేలా వైద్యులు చర్మం మీద రాసుకునే ఎస్ట్రాడయోల్ జెల్‌ను తక్కువ మోతాదులో మొదలుపెట్టారు. తండ్రి ఇంకా మాట్లాడడం లేదు. అన్నం మాత్రం ఒకే దస్తర్‌ఖాన్ మీద తింటున్నారు. తల్లి కుట్టుమిషను పక్కన గోడకు ఒక కాగితం అంటించి ఉన్నది. తరువాతి రక్తపరీక్ష తేదీ అందులో రాసుకున్నది. మొన్న మేము వెళ్ళినప్పుడు ఆ తేదీ చూపించి, "భాయీసాబ్, ఆ రోజు నాకు పెళ్ళివారి బట్టలు ఇవ్వవలసి ఉన్నది. మీరు పిల్లతో వెళ్ళి వస్తారా?" అని అడిగింది. వెళ్ళి వస్తామని చెప్పాము. మొదటి రోజున అరుగు మీద చెప్పవలసిన జవాబు ఇదే. ఏడాది ఆలస్యమైంది. మీ అరుగు మీదికి అటువంటి సంచి ఒకటి వచ్చిన రోజున మీరు ఆలస్యం చేయవద్దని మా వేడుకోలు.